మా యింటి ఆఫ్రికా చేపలు



కార్యదర్శిగారు నన్ను సాహిత్యమును గూర్చి మాటలాడుమని కోరిరి. బి.ఏ. చదివినవాడనగుటచే వారికట్టి ఆశ కలుగుట సహజమే. కాని మూడేండ్లుగా తెలీబంధాలోని మా ముందుగదియందున్న నాలుగడుగుల గాజుతొట్టి నా తీరికనంతయు మ్రింగివేసినది. కనుక చేపలను గూర్చియే మనవి చేసికొందును.

ఇవి సిక్లిడ్ కుటుంబపు చేపలు. ఆఫ్రికాలోని మలావీ సరస్సు వీని పుట్టినిల్లు. దాని పొడవు సుమారు 580 కిలోమీటర్లు, లోతు 700 మీటర్లకు పైమాట. అందు వందలకొలది సిక్లిడ్ రకములు కలవు. వానిలో పెక్కు లోకమున మఱెచ్చటను లేవు. రాళ్ళ నడుమ నివసించువానిని అచ్చటివారు ‘మ్బునా’ యందురు. పసుపు, నీలము, నారింజ! దుకాణదారుడు రంగు పూసి యమ్ముచున్నాడని మొదట అనుమానపడితిని.

వీనికి క్షారగుణముగల కఠినజలము కావలెను. రాయపూరు సున్నపురాతి నేల. బోరునీట పప్పు ఉడకదని మా గృహిణి యేండ్లుగా మొఱపెట్టుచున్నది. ఆ నీరే వీనికి సరిపడినది! ఈ మాట విని ఆమె సంతోషింపలేదు.

నా తప్పు వేఱొకచోట జరిగినది. తొట్టి నింపిననాడే ఎనిమిది చేపలను విడిచితిని. పది దినములలో ఐదు చచ్చినవి. చేపల మలినమునుండి అమోనియా పుట్టును. వడపోత యంత్రమున సూక్ష్మజీవులు నెలకొని దానిని నైట్రైటుగాను, పిదప నైట్రేటుగాను మార్చవలెను. ఇందుకు నాలుగు మొదలు ఆఱు వారములు పట్టును. పైగా క్షారజలమున అమోనియా మఱింత విషము. మా అమ్మాయి ఐదింటిని జామచెట్టు క్రింద పూడ్చి, “నాన్నగారూ, ఇది ముందే చదువకూడదా?” యనినది. దస్త్రములలో ఇతరుల తప్పులను ఎఱ్ఱసిరాతో గుర్తించు నాకు సమాధానము దొరకలేదు.

పిమ్మట నెమ్మదిగా నేర్చుకొంటిని. రాళ్ళను ఇసుకపై గాక అడుగు పలకపైననే కుదురుగా నిలుపవలెను. ఈ చేపలు త్రవ్వుడు మానవు, రాయి దొర్లినచో గాజు పగులును. మ్బునాలు ప్రధానముగా నాచు తినునవి. మాంసాహారము మితిమీరిన పొట్ట ఉబ్బి చచ్చును. మగవి మహా కలహప్రియములు.

ఒకనాడు పసుపుచేప యొకటి మేత ముట్టుట మానినది. రోగమని బెంగపడితిని. మా గృహిణియే దాని గొంతు ఉబ్బుట కనిపెట్టినది. తల్లి గ్రుడ్లను నోటిలో దాచుకొని మూడు వారములు దాదాపు నిరాహారముగా నుండునట! పిల్లలు వెలువడిననాటినుండి తొట్టిపై ఆమెకు కోపము పోయినది.

ఏడాది తిరుగునప్పటికి పిల్లలు తొట్టికి మించినవి. తెలీబంధా చెఱువున విడువుడు, పుణ్యమని మిత్రుడొకడు సలహా యిచ్చెను. బకెట్టుతో గట్టువఱకు పోయితిని కూడ. అచ్చట తిలాపియా జ్ఞప్తికి వచ్చినది. అదియు ఆఫ్రికా సిక్లిడ్డే. 1952లో మన దేశమునకు తెచ్చిరి. పెక్కు జలాశయములలో విపరీతముగా పెరిగి దేశీయ చేపలకు పోటీయైనది. విక్టోరియా సరస్సున 1950 దశకములో విడిచిన నైలుపెర్చి మూలమున రమారమి రెండువందల సిక్లిడ్ రకములు నశించెనని శాస్త్రజ్ఞుల అంచనా. నా చేపలు చెఱువున చావవచ్చును, బ్రతుకవచ్చును. బ్రతికినచో మఱింత కీడు. బకెట్టుతో ఇల్లు చేరితిని.

ఇప్పుడు ముప్పది పిల్లలున్నవి. కోరినవారు ఆదివారము ఉదయము రావచ్చును. అయితే తొట్టి నింపి ఎన్ని వారములైనదో మా అమ్మాయి అడుగును. ఆఱునకు తక్కువ చెప్పినవారిని కాఫీ యిచ్చి పంపివేయుచున్నది.