నడుము బిగిద్దాం
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిపంతుళ్ళం, వైద్యులం కాము. పంతులుకు తెలిసింది మాట గనుక మాటతోనే మొదలుపెడతాము. పనికి పూనుకోవడాన్ని తెలుగులో నడుము కట్టడమంటారు, ఉర్దూలో 'కమర్ బాంధ్‌నా' అంటాము. నష్టం వస్తే రెండు భాషల్లోనూ విరిగేది నడుమే.

మన ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కాని ప్రతి రేకు వెనుకా ఒక నడుము ఉంది. వేడి కుండ ముందు కూర్చుని, పల్చని బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, కుండ మీద పరచి లాగడం, రేకు తీయడం. ఇలా గంటల తరబడి వంగాలి. నాట్లు వేసేవారిదీ, మిషను కుట్టేవారిదీ, పుస్తకాల మీద వాలే మా పిల్లలదీ అదే వంపు. అందరం ముందుకే వంగుతున్నాం. వెనక్కి వంగేదెవరు?

వెన్నుపూసల మధ్య డిస్కులనే మెత్తని బిళ్ళలుంటాయి. పెద్దవాళ్ళలో వాటి లోపలికి రక్తనాళాలు పోవు. చుట్టుపక్కల నుంచి ఊరి వచ్చే పోషణే వాటికి ఆధారం, దానికి కదలిక తోడ్పడుతుంది. రాత్రి పడుకున్నప్పుడు అవి నీరు పీల్చి ఉబ్బుతాయి. కాబట్టి లేచీ లేవగానే బాగా ముందుకు వంగవద్దు. ఒక గంట ఆగండి.

ఇక కసరత్తు. ఆసనమన్నా, కసరత్తన్నా నడుముకు ఒక్కటే. మెట్టు మెట్టుగా ఎక్కాలి. మొదట చేతులు, మోకాళ్ళు నేలకు ఆనించి, పిల్లిలా వెన్ను పైకెత్తి దించండి. అదే భంగిమలో కుడి చెయ్యి, ఎడమ కాలు చాచి నిలపండి, తర్వాత రెండోవైపు. రెండో మెట్టు, వెల్లకిలా పడుకొని మోకాళ్ళు మడిచి నడుము ఎత్తడం. మూడోది భుజంగాసనం: బోర్లా పడుకొని, తుంటి నేలకు ఆన్చి, ఛాతీ ఎత్తడం. నాలుగోది శలభాసనం: కాళ్ళు ఎత్తడం. చివరిది ధనురాసనం: చీలమండలు పట్టుకొని విల్లులా వంగడం. ఒక మెట్టు కొన్ని వారాలు నొప్పి లేకుండా కుదిరితేనే పై మెట్టు. సాగడం ఒక్కటే చాలదు, బలమూ కావాలి.

రుకూలో వీపు చదునుగా ఉంచమని పిల్లలకు నేర్పుతాం కదా! బిందె, బస్తా ఎత్తేటప్పుడు కూడా వీపు అలాగే ఉంచి, మోకాళ్ళు మడిచి, తుంటి దగ్గర వంగండి.

గర్భిణులు, ఎముకలు గుల్లబారినవారు, ఆపరేషన్ అయినవారు డాక్టరుగారిని అడగనిదే ఇవి చేయరాదు. కాలు తిమ్మిరెక్కి పట్టు తప్పినా, మూత్రం అదుపు తప్పినా కసరత్తు మాని వెంటనే ఆసుపత్రికి పోవాలి.

ఇంటి మగవారికి ఒక మనవి. అరగంటకోసారి కుండ ముందునుంచి లేచి ఒళ్ళు విరుచుకునే ఆమెతో "పని ఆగింది" అనకండి. నడుము పడిపోతే ఆగేది ఆ పూట పని కాదు, ఇల్లు. రేకు చిరిగితే ఇంకొకటి తీయవచ్చు, నడుము అలా కాదు.

సెలవు. ఖుదా హాఫిజ్.