సూళ్లూరుపేట చూసి వచ్చాం

(రాత్రి బడిలో వాలంటీరు చెప్పిన మాటలు)

 

మొన్న జనవరిలో మన రాత్రి బడి నుంచి పన్నెండు మందిమి సూళ్లూరుపేట వెళ్లి వచ్చాం. రాలేకపోయిన వాళ్లు "ఏం చూశారు? మాకూ చెప్పండి" అని అడుగుతున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు ఒక సంగతి చెప్పాలి. మనలో ఒక అత్త ఉంది. పేరు చెప్పొద్దంది. చాలా ఏళ్ల కిందట ఆమె చంటిబిడ్డకు జ్వరం వచ్చింది. ఆసుపత్రికని బస్సెక్కింది. బోర్డు చదవడం రాదు. ఎవరినో అడిగితే ఒక బస్సు చూపించారు. అది వేరే దారిన పోయింది. ఒళ్లు కాలిపోతున్న బిడ్డతో నడిదారిలో దిగి ఏడ్చింది. బిడ్డ బతికాడు. భయం మాత్రం పోలేదు. ఆ తరువాత ఆమె ఒంటరిగా బస్సెక్కలేదు.

ఈసారి నాయుడుపేట బస్టాండులో ఆమెనే ముందు నిలబెట్టాం. "అత్తా, మన బస్సు నువ్వే చూపించాలి" అన్నాను. ఒక బస్సు వచ్చింది. ఆమె కళ్లు చికిలించి చూసింది. "సూ..." అంది. "ళ్లూ" దగ్గర ఆగిపోయింది. అక్కడ ఒత్తూ ఉంది, దీర్ఘమూ ఉంది. నేను నోరు విప్పలేదు. ఆమె కూడబలుక్కుని చదివింది. "సూ... ళ్లూ... రు... పే... ట. ఇదే మన బస్సు! ఎక్కండి మే, ఎక్కండి!" అని కేక పెట్టింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

సూళ్లూరుపేట చిన్న పట్టణం. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. 2022 వరకు నెల్లూరు జిల్లాలో ఉండేది. ఊరి పక్కనే కాళంగి నది. నది దగ్గర చెంగాళమ్మ గుడి. ఈ గుడి తలుపులు పగలూ రాత్రీ మూయరు. ముందు అమ్మవారిని చూసుకున్నాం. అక్కడే కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాం.

తరువాత ఆటోల్లో శ్రీహరికోట రోడ్డు మీద బయలుదేరాం. ఈ రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలో నుంచి పోతుంది. రోడ్డుకు రెండు పక్కలా సరస్సే. సముద్రపు నీరు, ఏటి నీరు కలిసే ఉప్పునీటి సరస్సు ఇది. మన దేశంలో ఇలాంటి వాటిలో ఒడిశాలోని చిలికా అన్నిటికన్నా పెద్దది. దాని తరువాత పులికాటే. రాకెట్లు ఎగిరే శ్రీహరికోట ఈ రోడ్డు చివరనే ఉంది. 2023 జూలై 14న చంద్రయాన్-3 ఇక్కడి నుంచే వెళ్లింది.

సరస్సులో ఫ్లెమింగో పక్షులు బారులు తీరి ఉన్నాయి. పొడుగు కాళ్లు. వంకర ముక్కు. తెల్లని ఒళ్లు, రెక్కల్లో గులాబీ రంగు. అవి తల కిందికి వంచి, ముక్కు నీళ్లలో పెడతాయి. మనం టీ వడకట్టినట్టు నీళ్లను వడకడతాయి. నీళ్లు బయటికి పోతాయి. చిన్న చిన్న పురుగులు, నాచు నోట్లో మిగులుతాయి. అదే వాటి తిండి.

సాయంత్రం నేలపట్టుకు వచ్చాం. ఇది సూళ్లూరుపేటకు ఉత్తరాన సుమారు 20 కిలోమీటర్లు. దొరవారిసత్రం మండలం. ఇక్కడి చెరువు, చుట్టుపక్కల అడవి 1976 నుంచి పక్షుల రక్షిత కేంద్రం. చెరువు నీళ్లలోనే కడప చెట్లు నిలబడి ఉంటాయి. చెట్ల నిండా గూళ్లు. గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు కనిపించాయి. గూడబాతు ముక్కు కింద జోలెలాంటి సంచి ఉంటుంది. దానితో చేపలు పడుతుంది. పిల్ల తన తల్లి నోట్లో తల దూర్చి తింటుంది.

గూడబాతుల్లో తల్లీ తండ్రీ ఇద్దరూ గుడ్లు పొదుగుతాయి. ఇద్దరూ పిల్లలకు మేత తెస్తాయి. మేత కోసం పులికాట్ దాకా పోయి వస్తాయి. ఈ మాట చెప్పగానే ఒక అక్క, "మా ఇంట్లో ఈ పద్ధతి ఎప్పుడొస్తాదో!" అంది. అందరం పడీ పడీ నవ్వాం. నవ్వాక కొంచెం ఆలోచించాం కూడా.

నేలపట్టు ఊరివాళ్లు ఈ పక్షుల జోలికి పోరు. ఎందుకో తెలుసా? పక్షుల రెట్ట చెరువులో పడుతుంది. ఆ నీరు పొలాలకు పారుతుంది. నీటితో పాటు ఎరువు కూడా అందుతుంది. పక్షిని ఊరు కాపాడుతుంది. ఊరి పంటకు పక్షి సాయపడుతుంది.

మీరూ వెళ్లండి. వానలు పడి చెరువు నిండాక, చలికాలంలో వెళితే మంచిది. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ చూడాలి. తాగే నీళ్లు తీసుకెళ్లండి. గూళ్ల దగ్గర కేకలు వేయకూడదు. రాళ్లు విసరకూడదు. ప్లాస్టిక్ సంచులు అక్కడ పారేయకూడదు.

ఇంకొక్క మాట. పోయిన వారం ఆ అత్త ఒక్కతే బస్సెక్కింది. నాయుడుపేటలో డాక్టరుకు బీపీ చూపించుకుని, మందులు తీసుకుని, పొద్దు గూకకముందే ఇల్లు చేరింది. దారిలో ఎవరినీ ఏమీ అడగలేదట. "బోర్డు చదివానమ్మా" అని నాతో చెప్పింది.

వచ్చే చలికాలంలో మళ్లీ వెళదాం. అప్పుడు బస్టాండులో ముందు ఎవరు నిలబడతారో మీరే చెప్పండి.

సెలవు.