కల్లును, ద్రాక్షాసవమును

భద్రాచల మన్యమున కోయలకు, కొండరెడ్లకు జీలుగు కల్లు ప్రియమైన పానీయము. వేకువను దించిన కల్లు తియ్యన. ప్రొద్దెక్కిన కొలది పులుపెక్కును. మరునాటికి దానిని మెచ్చువారుండరు. దానిలో పులియుట ఆగదు, గాలి సోకి సూక్ష్మజీవులు దానిని పులియగొట్టును.

ఫ్రాన్సు దేశపు బర్గండీ సీమలో షార్డొనే అను తెల్లద్రాక్ష కలదు. మేలిరకములలో దాని రసము ఓక్ పీపాలలో పులిసి, అందే నెలల తరబడి నిలుచును. పులియుట ముగిసినది, బిరడా గాలిని చాలవరకు ఆపును, సహజమైన పులుపు దానిని కాపాడును. కనుక చల్లని నేలమాళిగలో పదేండ్లైనను నిలువగలదు. రుచి చూచువారు మొదట రంగును, పిదప వాసనను, తుదకు రుచిని పరీక్షింతురు. లేతదానియందు పసుపు వన్నె, ఆపిల్, నిమ్మల వాసన. ముదిరినదానియందు బంగారు వన్నె, తేనె, బాదముల వాసన. అయినను షార్డొనేలలో పెక్కింటిని రెండు మూడేండ్లలోనే త్రాగవలెను.

అట్లని దాచదగినదే గొప్పదనుట న్యాయము కాదు. జీలుగు పూతకు వచ్చుటకే ఏండ్లు పట్టును. పిమ్మట పైనుండి క్రిందికి గెల వెంట గెల వేసి, కడపటి గెలతో చెట్టే చచ్చును. ద్రాక్షాసవము సీసాలో ముదురును. మన కల్లు చెట్టులోనే ముదురును. అందుచే ఈ రుచి మనుమలకు దక్కవలెనన్న సీసాలు వెదకి ఫలము లేదు. నేడే జీలుగు మొక్క నాటవలెను.