ఫోనులో పలికే మాటకూ లెక్క ఉంది





గత నెలలో మన జమాఅత్‌కు చెందిన ఒక పెద్దాయన వేరుశనగ విత్తనం కొనుటకై ఏటీఎం వద్దకు వెళ్ళారు. యంత్రం నుండి నోట్లు రాలేదు. ఖాతాలో మాత్రం 10,000 రూపాయలు తగ్గినట్లు సందేశం వచ్చింది. భైరవానితిప్ప జలాశయం మన మండలంలోనే ఉన్నప్పటికీ, వానను నమ్ముకున్న మెట్ట రైతుకు విత్తుకాలంలో ఆ సొమ్ము ఎంతటిదో గుమ్మఘట్టలో ఎవరికీ వివరించనవసరం లేదు. అస్ర్ నమాజు పిమ్మట మేము ఆయనతో కలసి మసీదు వసారాలో కూర్చుని బ్యాంకు సహాయ కేంద్రానికి ఫోను చేశాము.

భాషకొక అంకె, సేవకొక అంకె నొక్కమన్నారు. మా కాల్ తమకెంతో ముఖ్యమని ఒక యంత్రం పదేపదే చెప్పింది. అంత ముఖ్యమైనప్పుడు అర్ధగంట సేపు సంగీతం వినిపించుట ఎందుకో మాకు బోధపడలేదు. చివరకు ఒక అమ్మాయి పలికింది. ఆమె నమస్కారం పూర్తి కాక మునుపే ఇటువైపు నుండి కేకలు లేచాయి. దొంగలన్న మాట కూడా వెలువడింది. లైను తెగిపోయింది. ఆ కేకలు వేసినది మరెవరో కాదు, ఈ మింబరుపై నిలిచి మాట్లాడుతున్న మేమే.

సోదరులారా! ఏటీఎంలో నోట్లు నింపినది ఆ అమ్మాయి కాదు. తప్పు చేసినవారు ఎక్కడో ఉన్నారు. మన కోపం మాత్రం జీతానికి ఫోను ఎత్తే ఆ బిడ్డపై పడుతుంది. ఆమె మాట్లాడే ప్రతి నిమిషాన్నీ పైవారు లెక్కిస్తుంటారు. బెంగళూరులో ఇటువంటి కొలువు చేస్తున్న పిల్లలు మన ఇండ్లలోనూ ఉన్నారు. కుస్తీలో ఎదుటివానిని పడగొట్టినవాడు కాదు, కోపం వేళ తనను తాను నిగ్రహించుకున్నవాడే బలశాలి అని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) బోధించినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. ఈ హదీసుపై మేము ఎన్నోసార్లు ప్రసంగించాము కూడా!

అట్లని హక్కును వదులుకొమ్మని ధర్మం చెప్పదు. దివ్య ఖుర్ఆన్‌లోకెల్లా దీర్ఘమైన ఆయతు బఖరా సూరాలోని 282వది. అది నమాజును గూర్చినది కాదు, ఉపవాసాన్ని గూర్చినది కాదు. అప్పు లావాదేవీని వ్రాసిపెట్టుకొనుటను గూర్చినది. మొత్తం చిన్నదైనా వ్రాయుటకు విసుగు చెందరాదని అందులో ఆదేశం ఉన్నది. అందువల్ల రెండవసారి నోటు పుస్తకం ముందుంచుకొని ఫోను చేశాము. తేదీ, వేళ, మాట్లాడినవారి పేరు, ఫిర్యాదు సంఖ్య వ్రాసుకొన్నాము. రిజర్వు బ్యాంకు 2019లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఇటువంటి సొమ్మును 5 రోజులలోగా ఖాతాకు తిరిగి చేర్చాలి. ఆపై ఆలస్యమైన ప్రతి దినానికీ 100 రూపాయలు పరిహారం చెల్లించాలి. ఆ సంగతిని మెల్లగానే చెప్పాము. ఈసారి లైను తెగలేదు.

ఈ నడుమ ఒక యువకుడు ఇంటర్నెట్‌లో వెదకి వేరొక నంబరు తెచ్చాడు. వద్దన్నాము. కార్డు వెనుక ముద్రించిన నంబరుకే ఫోను చేయాలి. పిన్ గాని, ఓటీపీ గాని అడిగినవాడు బ్యాంకు మనిషి కాడు. అట్లు మోసపోయినవారు ఆలస్యం చేయక 1930కి తెలుపవలెను.

బదులు పలికే స్థానంలో ఉన్నవారికి కూడా ఒక మాట. అబస సూరా అవతరించిన సందర్భం మీకు తెలిసినదే. ఖురైషు నాయకులతో మాట్లాడుతున్న వేళ అంధుడైన ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ (రజి) ప్రశ్నతో వచ్చారు. ముఖం చిట్లించినందుకు అల్లాహ్ తన ప్రియ ప్రవక్తనే హెచ్చరించాడు. అడుగ వచ్చిన బలహీనుని ఆపి ఉంచుట అంత చిన్న విషయం కాదన్నమాట. మన అంగడిలో, మన కార్యాలయపు బల్ల వద్ద ఎవరిని ఎంతసేపు నిలబెడుతున్నామో మనమే చూసుకోవాలి.

పెద్దాయన సొమ్ము ఇంకా రాలేదు. ఫిర్యాదు చేసి నేటికి 26 దినాలు. 30 దినాలు నిండినా బ్యాంకు జవాబు ఇవ్వనియెడల రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు అర్జీ పంపుతాము. అందుకు రుసుము లేదు. ఇషా పిమ్మట ఇద్దరు యువకులు నోటు పుస్తకంతో వసారాలో ఉంటారు. ఇటువంటి చిక్కు ఉన్నవారు, ఏ మతస్థులైనా సరే, రావచ్చును.

మొదటిసారి పలికిన ఆ అమ్మాయి కొరకు కూడా దుఆ చేయమని పెద్దాయన కోరారు. పేరు అడుగక మునుపే మేము కేకలు వేశాము గనుక, పేరు లేకుండానే చేద్దాము.