దాచుకోవలసిన జబ్బు కాదు, తెలుసుకోవలసిన జబ్బు

(మహిళా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఉపాధ్యాయులుగా మేము ఒక సంగతి గమనిస్తున్నాం. తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలు కొందరు నెలసరి సరిగా రాక, మొటిమలూ, గడ్డం కింద వెంట్రుకలూ వచ్చి, ఎవరికీ చెప్పుకోలేక నలిగిపోతున్నారు. ఇంట్లో తెలిస్తే "బయటికి పొక్కనివ్వకండి, సంబంధాలు రావు" అంటారు. నికాహ్ అయ్యాక తెలిస్తే తప్పంతా కోడలిదే అంటారు. అందుకే ఈ నాలుగు మాటలు.

దీని పేరు పి.సి.ఓ.ఎస్. 1935లో అమెరికాలోని చికాగో వైద్యులు స్టీన్, లెవెంథాల్ ఏడుగురు స్త్రీలలో దీన్ని వర్ణించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పిల్లలను కనే వయసు స్త్రీలలో నూటికి 10 నుంచి 13 మందికి ఇది ఉంటుంది. వారిలో 70 శాతం వరకు తమకు ఉన్నట్టే తెలియదు.

పేరు విని అండాశయంలో గడ్డలని భయపడతారు. అవి గడ్డలు కావు, పెరుగుదల మధ్యలో ఆగిపోయిన అండాల చిన్న సంచులు. ఎందుకు ఆగాయి? మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్. అనే హార్మోన్లను పంపుతుంది. మొదటిది అండాశయంలోని థీకా కణాల చేత పురుష హార్మోన్లు చేయిస్తుంది. రెండవది పక్కనున్న గ్రాన్యులోజా కణాల చేత వాటిని ఈస్ట్రోజెన్‌గా మార్పిస్తుంది. ప్రతి స్త్రీలోనూ జరిగే పనే ఇది. ఈ జబ్బులో చాలామందికి ఎల్.హెచ్. ఎక్కువై, పురుష హార్మోన్లు మోతాదు మించుతాయి. అండం పక్వానికి రాదు, నెలసరి తప్పుతుంది.

ఇక జన్యువుల సంగతి. మన కణాలన్నింటిలో దాదాపు ఒకే పుస్తకం ఉంటుంది. ఏ కణం ఏ పేజీ తెరుస్తుంది, ఎంతగా చదువుతుంది అన్నదే తేడా. దీన్నే జన్యు వ్యక్తీకరణ అంటారు. ఈ జబ్బున్నవారి థీకా కణాలను ప్రయోగశాలలో పెంచి చూస్తే, పురుష హార్మోన్ల తయారీకి పనికొచ్చే సి.వై.పి.17 వంటి జన్యువుల పేజీలు ఎక్కువగా చదవబడుతున్నాయని తేలింది. 2011లో చైనా పరిశోధకులు డి.ఇ.ఎన్.ఎన్.డి.1.ఎ. అనే మరో జన్యువుకు ఈ జబ్బుతో ముడి ఉందని కనుగొన్నారు. దీనికి తోడు రక్తంలో ఇన్సులిన్ పెరిగితే అదీ థీకా కణాలను ఉసిగొల్పుతుంది.

కాబట్టి ఇది దిష్టి కాదు, శాపం కాదు, ఆ బిడ్డ చేసిన తప్పు అసలే కాదు. పుట్టుకతో వచ్చిన జన్యువులను మార్చలేం. కానీ రోజూ నడక, తీపీ నూనే తగ్గించిన తిండి, బరువు ఎక్కువున్నవారు కొంత తగ్గడం వల్ల ఇన్సులిన్ దిగుతుంది, చాలామందిలో నెలసరి దారికొస్తుంది. పూర్తిగా పోయే జబ్బు కాకపోయినా అదుపులో ఉంటుంది. పిల్లలు పుట్టరన్నది అపోహ. అండం విడుదలకు లెట్రోజోల్ వంటి మందులున్నాయి.

తల్లులారా, రజస్వల అయిన మొదటి ఏడాది నెలసరి అటూ ఇటూ కావడం సహజం. మూడేళ్లు దాటాక కూడా 35 రోజులకు మించి ఆలస్యమవుతుంటే డాక్టరమ్మకు చూపించండి. ఈ వయసులో స్కానింగ్ ఒక్కదానితో జబ్బును తేల్చరు. మందుల షాపులో అడిగి హార్మోను బిళ్లలు వేయకండి. మెట్‌ఫార్మిన్ వాడే పిల్లలు రంజాన్ ఉపవాసాలకు ముందే డాక్టరును అడగాలి.

వైద్యం చేయించుకోమన్నది మన ప్రవక్త (స) బోధ. మన సంఘానికి రెండు విన్నపాలు: ఏడాదికొకసారి ఆడపిల్లల కోసం మహిళా డాక్టరు చేత మాట్లాడించండి. పరీక్షల ఖర్చు భరించలేని ఇళ్లకు సదఖా నిధి నుంచి సాయం చేయండి. మగపిల్లల తల్లులకు ఒక్క మాట: ఈ జబ్బు పేరు చెప్పి సంబంధం వదులుకోకండి, కోడలిని నిందించకండి. రేపు అది మన ఇంటి బిడ్డకే రావచ్చు.

అల్లాహ్ మన బిడ్డలందరికీ ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.