పెన్ను సరిగా రాయకపోతే...
(స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

చదువు గొప్పతనం గురించి చెప్పడానికి నాకంటే అర్హులు ఈ వేదిక మీద ఉన్నారు. నేను బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసినవి లెక్కా, కలమూ. అందుచేత యాభై అరవై రూపాయల ఇంకు పెన్ను సరిగా రాయకపోతే ఏం చేయాలో చెబుతాను.

ఇదీ ఒక విషయమేనా అనుకోకండి. ఒక అక్షరం లావుగా, ఇంకొకటి వెలిసిపోయినట్టుగా, మరొకటి సగమే పడితే మనం "వీడి దస్తూరీ బాగాలేదు" అనేస్తాం. నాలుగుసార్లు అంటే పిల్లవాడూ అదే నమ్ముతాడు. తిట్టేముందు ఒక్క పని చేయండి. ఆ పెన్నుతో మీరు రెండు లైన్లు రాయండి. పిల్లవాడి చేత వేరే పెన్నుతో రెండు లైన్లు రాయించండి. లోపం చేతిదో పెన్నుదో అక్కడే తెలిసిపోతుంది.

బ్యాంకులో సాయంత్రం పుస్తకాలు టాలీ కాకపోతే అంకెలు దిద్దేయరు. ముందు తేడా ఎంతో చూస్తారు. తేడా 9తో శేషం లేకుండా భాగిస్తే, 54కు బదులు 45 రాశారేమోనని వెతుకుతారు. తేడాలో సగం మొత్తం ఏ పద్దులోనైనా కనిపిస్తే, జమ వైపు రాయవలసింది ఖర్చు వైపు రాశారేమోనని చూస్తారు. ఎక్కడ వెతకాలో ఆ తేడాయే చెబుతుంది. పెన్నూ అంతే. అది ఎలా మొరాయిస్తోందో గమనిస్తే కారణం దొరుకుతుంది.

ముందుగా పెన్ను పనిచేసే తీరు తెలుసుకోవాలి. పాళీ కింద ఉండే ప్లాస్టిక్ ముక్కను ఫీడ్ అంటారు. దానిమీద సన్నని గాడి ఉంటుంది. దీపం వత్తి నూనెను పీల్చుకున్నట్టే ఆ గాడీ, పాళీ చీలికా ఇంకును కొన దాకా తెస్తాయి. బయటికి వెళ్లిన ఇంకుకు బదులు అంత గాలి లోపలికి వెళ్లాలి. గాలి దారి మూసుకుపోతే ఇంకు ఆగిపోతుంది. దారి వదులైతే పెన్ను కక్కుతుంది.

ఇక లక్షణాలు చూద్దాం. నాలుగు లైన్లు బాగా రాసి, తర్వాత పలచబడి, కాసేపు పక్కన పెడితే మళ్లీ రాస్తోందంటే ఫీడ్‌లో ఎండిన ఇంకు ఉందన్నమాట. కొత్త పెన్నయితే తయారీలో అంటిన జిడ్డు కావచ్చు. మామూలు నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క కలిపి అందులో నానబెట్టి, తర్వాత రంగు రాకుండా పోయేదాకా మంచినీళ్లతో కడగండి. వేడినీళ్లు, స్పిరిట్ వాడవద్దు, ప్లాస్టిక్ పాడవుతుంది. పూర్తిగా ఆరాకే ఇంకు పోయండి.

ఒక దిక్కుకు బాగా రాసి, మరో దిక్కుకు గీరుకుంటే పాళీ చీలికకు అటూ ఇటూ ఉన్న రెక్కల్లో ఒకటి ఎత్తుగా ఉందేమో భూతద్దంతో చూడండి. ఎత్తుగా ఉన్నదాన్ని గోటితో మెల్లగా నొక్కితే చాలాసార్లు సరిపోతుంది. ఒడియా, తెలుగు రెండూ గుండ్రని లిపులు. పాళీని కిందికి లాగడమే కాదు, పైకీ పక్కకీ నెట్టాలి. అందుకే ఇంగ్లీషు బాగా రాసిన పెన్నే తెలుగు దగ్గర గీరుకోవచ్చు.

మొదటి నుంచీ ఒకేలా పలచగా రాస్తే ఇంకు చిక్కబడి ఉండవచ్చు, లేదా చీలిక బిగుసుకుని ఉండవచ్చు. ముందు తాజా ఇంకు పోసి చూడండి. అప్పటికీ మారకపోతే పాళీని దీపానికెదురుగా పట్టండి. వెంట్రుకంత వెలుగైనా కనిపించకపోతే చీలిక బిగుసుకున్నట్టే. బ్లేడు దూర్చవద్దు, పాళీ మార్పించండి.

డ్రాపరుతో ఇంకు పోసే పెన్ను సగానికి పైగా ఖాళీ అయ్యాక చుక్కలు రాలుస్తుంది. చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి ఇంకును తోస్తుంది. మూడో వంతుకు రాకముందే నింపుకోండి. పేజీలో అడుగు భాగానే అక్షరాలు తప్పుతుంటే పెన్నును అనవద్దు. చేతి జిడ్డు, చెమట కాగితానికి అంటి ఉంటాయి. చేతి కింద మరో కాగితం పెట్టుకోండి.

ఒకసారికి ఒక్కటే మార్చండి. ఇంకూ పాళీ ఒకేసారి మారిస్తే లోపం దేనిదో తెలియదు. ఖర్చు లేని పని ముందు, ఖర్చయ్యే పని తర్వాత. రెండు రకాల ఇంకులు కలపవద్దు. బొమ్మలు గీసే ఇండియన్ ఇంకు అసలు పోయవద్దు, అది ఎండితే గాడి పూడుకుపోతుంది. పెన్నును విదిలించడం, పాళీని నేలమీద రాయడం మానండి.

రాజమండ్రి రత్నం పెన్నుల పేరు పెద్దవాళ్లు వినే ఉంటారు. 1935లో గాంధీజీ ఆ పెన్నును మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. చేత్తో చేసే పెన్నుకు పాళీనీ ఫీడ్‌నూ పనివాడు ఒక్కొక్కటిగా కూర్చి, రాసి చూసి ఇస్తాడు. చవక పెన్ను యంత్రం మీద వేలల్లో వస్తుంది, ఒక్కొక్కదాన్నీ అలా చూసేవారుండరు. ఆ చివరి పని మనకు మిగులుతుంది. కాస్త చూసుకుంటే అదీ ఏళ్ల తరబడి రాస్తుంది.

పరీక్షకు వెళ్లే పిల్లలు ఒక మాట గుర్తుంచుకోండి. కొత్త పెన్నుతో పరీక్ష రాయవద్దు. కనీసం వారం ముందు కొని, రోజూ రెండు పేజీలు రాయండి. కడగడమేదైనా ఉంటే రెండు రోజుల ముందే ముగించండి. రెండో పెన్ను జేబులో ఉంచుకోండి.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. పిల్లవాడు లెక్కల్లో వెనకబడ్డా, చదివింది గుర్తుండటం లేదన్నా "వీడింతే" అని తీర్మానించకండి. ఎక్కడ ఆగుతున్నాడో పక్కన కూర్చుని చూడండి. పెన్ను విషయంలో పెట్టినంత ఓపిక పిల్లల విషయంలోనూ పెడదాం.