రంగు వెలవని గుడ్డ కథ



బట్టలకొట్లో చీరె ఎంచుకునేటప్పుడు మనం ముందు అడిగే మాటేమిటి? "రంగు వుంటుందా, పోతుందా?" అని కదూ! ఆ రంగు పోని గుడ్డ కోసమే ఒకప్పుడు ఓడలు సముద్రాలు దాటి మన బందరు రేవుకు వచ్చాయి.

1605లో డచ్చివారూ, 1611లో ఇంగ్లీషువారూ బందరులో వర్తకం మొదలుపెట్టారు. వాళ్ళ చూపు మొదట లవంగాలు, జాజికాయల మీద. అవి పండే తూర్పు దీవులవాళ్ళేమో మన నూలుబట్టలు కోరేవారు. అందుచేత ఇక్కడ గుడ్డలు కొని, అక్కడ ఇచ్చి, ఆ సరుకు పట్టుకుపోయేవారు. తరువాత మన గుడ్డలే ఐరోపాకూ చేరాయి. ఉన్ని, నారబట్టలకు అలవాటుపడ్డ అక్కడి స్త్రీలు, ఉతికినా వెలవని పూల చీటిగుడ్డ చూసి ముచ్చటపడ్డారు.

ఆ రంగుల రహస్యంలో మన ఇళ్ళల్లో వుండే వస్తువులే ఎక్కువ. కరక్కాయ రసం, గేదెపాలు కలిపి గుడ్డను తడిపి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి పులియబెడితే నలుపు వస్తుంది. పటిక అద్ది, చిరివేరు వేసి కాస్తే ఎరుపు. రంగును నూలుకు పట్టివుంచేది ఆ పటికే.

గిరాకీ చూసి అక్కడి నేతగాళ్ళు గగ్గోలుపెట్టారు. 1686లో ఫ్రాన్సు ఈ అద్దకపు బట్టను నిషేధించింది. 1700లో ఇంగ్లండు దిగుమతి ఆపుతూ చట్టం చేసింది. 1719లో లండను వీధుల్లో ఆ గుడ్డ కట్టిన స్త్రీల మీదపడి బట్టలు చింపారు. 1721 చట్టమైతే కట్టుకోవడమే నేరమన్నది. ఆడవాళ్ళ ఒంటిమీది గుడ్డకు పార్లమెంటు శాసనం, చూశారా!

ఈలోగా అక్కడివాళ్ళు మన అద్దకం పద్ధతులు నేర్చుకున్నారు. ఆపైన యంత్రాలు వచ్చాయి. పందొమ్మిదో శతాబ్దంలో వాళ్ళ మిల్లుగుడ్డ మన బజార్లకే వచ్చి, మన నేతవాళ్ళ నోట మన్నుకొట్టింది.

అయినా బందరు దగ్గరి పెడనలో ఆ అద్దకం ఇంకా బతికేవుంది. అవే పూలు స్క్రీను మీద అచ్చువేసి, అదీ కలంకారీ అనే అమ్ముతున్నారు. చవక కావాలంటే అది కొనుక్కోవచ్చు. కాని చేతిపని ధర ఇచ్చేటప్పుడు మాత్రం గుడ్డ వెలుతురులో పరచి చూడండి. అచ్చుకూ అచ్చుకూ మధ్య కాస్త ఎడమో, ఒకదానిమీద ఒకటి పడడమో కనిపిస్తే చేయి తగిలిన గుడ్డ అన్నమాట. ఎక్కడ అద్దారు, ఏ రంగులు వాడారు అని కొట్టువాణ్ణి అడగండి. మొహమాటపడకండి. కొనేవాళ్ళు అడిగినన్నాళ్ళే ఆ పని చేసేవాళ్ళ పొయ్యి వెలుగుతుంది.